నాలుగు దిండ్లు

టైలరు భార్య ఇచ్చిన రిపోర్టు చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీసింది.

"పడుకుంటే బాగానే ఉంటారా?"

"నిక్షేపంగా ఉంటారండీ. మిషను ముందు కూర్చుంటే చాలు, ఊపిరాడదంటారు. పనిదొంగ వేషాలని నేనే దులిపేశాను."

"వేషాలు కావమ్మా. గుండెలో రంధ్రం ఉంది. లేచి కూర్చుంటే చెడు రక్తం అందులోంచి మంచి రక్తంలో కలుస్తోంది. ఆయన్ని పడుకోబెట్టే ఉంచాలి."

"ఆయాసమొస్తే కూర్చోబెట్టమన్నారండీ అందరూ!"

"మామూలుగా అంతే. ఈయనకు తిరగబడింది. ఇప్పుడెలా ఉన్నారు?"

ఆమె కుర్చీలోంచి లేచింది.

"నాలుగు దిండ్లు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టానండీ. ఎన్నిసార్లు లేపినా కిందికి జారి పడుకుంటున్నారని... దుప్పటితో కట్టేసి వచ్చాను."

"ఎంతసేపైంది?"

"మీ గుమ్మం బయటే రెండు గంటలు కూర్చున్నాను."

"ఇంటికి ఫోన్ చెయ్యండి!"

అవతల మోగుతూనే ఉంది.

"ఆయన చేతులు కూడా దుప్పట్లోనే ఉన్నాయండీ."