కుర్చీలో లేని మనిషి

పేలుడు జరిగిన నలభై రెండో రోజు, మధ్యాహ్నం. ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఒక ముందుగది. చనిపోయిన బర్నర్ ఆపరేటరు భార్య ఒళ్ళో ప్యాంటు పెట్టుకుని అంచు కుడుతోంది. ఎదురుగా స్టూలు మీద, చేతిలో కవరుతో, ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేసిన ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుందని అందరూ అతన్ని టెస్టరనే పిలుస్తారు.

"...అది కాదు వదినా, చదవక్కర్లేదు. విచారణ రిపోర్టుకి ఒప్పుకున్నట్టు కింద సంతకం పెడితే చాలన్నారు."

"చదవకుండా పెట్టమని నువ్వంటున్నావా? కరెంటు బిల్లు కూడా రెండుసార్లు చదివే మనిషివి."

"చదవద్దనలేదు. చదివితే మళ్ళీ మీకు బాధ కదా అని..."

"బాధ సంగతి నేను చూసుకుంటాలే. ఆ నల్లదారం కండె ఇలా అందుకో. కాఫీ పెట్టనా?"

"వద్దు వదినా. ఇప్పుడే తాగొచ్చాను."

"మీ అన్న ఉన్నప్పుడు రెండు గ్లాసులు లాగించేవాడివి. ఒకటి నీకు, ఒకటి టెస్టింగుకి. ఇప్పుడు ఒక్కటీ వద్దా? బాగా చిక్కిపోయావు. పాప ఎలా ఉంది?"

"బాగుంది. పగలంతా నిద్రే."

"మీ ఆవిడ కోలుకుందా? నేనే వచ్చి చూడాలి. ఈ పరిస్థితుల్లో పసిబిడ్డ ఉన్న ఇంటికి రావచ్చో లేదో అని ఆగాను."

"అలా అనకండి వదినా. మీరెప్పుడొస్తే అప్పుడే... మేనేజరు గారు నాలుగింటికల్లా కాగితం తెమ్మన్నారు."

"నాలుగవడానికి ఇంకా గంటుంది. ఆ యూనిట్ మళ్ళీ వెలిగిస్తారటగా?"

"ఇది అందితే ఫైలు మూసేస్తారు. మూసేస్తే సోమవారం నుంచి వెలిగించుకోవచ్చట."

"అందుకని నిన్ను పంపారు."

"మన మనిషి వెళ్తే బాగుంటుందని."

"మన మనిషి. సరే, మన మనిషివి కదా, నువ్వే చదువు. నాకు కళ్ళజోడు కనబడటం లేదు. ఆ మూడో పేరా చదువు."

"మూడోదని మీకెలా..."

"విచారణకి పిలిచినప్పుడే చూపించారు. చదువు."

"'ప్రమాద సమయమున ఆపరేటరు తనకు కేటాయించిన స్థానంలో, అనగా కంట్రోల్ రూములోని ప్యానెల్ ముందు లేరు. బర్నరు ఆరిపోవుటను గమనించనందున...' చాలు కదా వదినా."

"పూర్తిచెయ్యి."

"'...గమనించనందున గ్యాసు కొలిమిలో నిండి పేలుడు సంభవించినది. ఇది ఆపరేటరు నిర్లక్ష్యముగా నిర్ధారించడమైనది.'"

"నిర్లక్ష్యం. స్టవ్ కట్టేశానని నేను చెప్పినా నమ్మకుండా, మంచం దిగి వెళ్ళి చూసొచ్చే మనిషి. ఎన్నిసార్లు విసుక్కున్నానో."

"అన్న సంగతి నాకు తెలీదా వదినా."

"నీకు తెలుసు. ఆ పేలుడులో ఒళ్ళు కాలిన హెల్పరు భార్యకి తెలీదుగా. ఆస్పత్రి వరండాలో ఎదురుపడితే మొహం తిప్పుకుంది. తల తీసేసినట్టయింది. ఆవిడ తప్పేముంది, వాళ్ళాయన రెండు చేతులకీ కట్లు. గేటు దగ్గర నోటీసులో ఉన్నదే చదివింది. మా వాణ్ణి బళ్ళో అడిగారట, మీ నాన్న డ్యూటీలో నిద్రపోయాడట కదా అని. వాడేం చెప్పాలి?"

"పిల్లలు ఏదో అంటారు వదినా, మర్చిపోతారు."

"వీడు మర్చిపోడు. ఇదిగో, వాళ్ళ నాన్న ప్యాంటే తగ్గించి ఇమ్మన్నాడు. కొత్తది వద్దట. నడుము దగ్గర ఇంత లోపలికి మడిచినా జారిపోతోంది... నాకొకటి చెప్పు. కొలిమి గోడకి అవతల ఉంటుంది కదా. ఆపరేటరు ఇవతల కుర్చీలో కూర్చుంటే మంట ఆరిందని ఎలా తెలుస్తుంది?"

"కొలిమికి స్కానరని ఒకటి బిగించి ఉంటుంది. మేం కన్ను అంటాం. అది ఎప్పుడూ మంటనే చూస్తూ ఉంటుంది. మంట పోయిందంటే రెండు మూడు సెకన్లలో గ్యాసు వాల్వు దానంతటదే మూసుకుంటుంది. ప్యానెల్ మీద ఎర్రదీపం, హారను."

"అంటే మనిషి వెళ్ళి చూడక్కర్లేదు."

"అక్కర్లేదు."

"మరి ఆ రోజు వాల్వు ఎందుకు మూసుకోలేదు?"

"అదీ... ఒక్కోసారి అలా... యంత్రం కదా వదినా."

"ఆ కన్ను బాగోగులు ఎవరు చూస్తారు?"

"మా డిపార్టుమెంటే."

"ఆ యూనిట్టుకి మీ డిపార్టుమెంటులో ఎంతమంది ఉన్నారు?"

"ఆ యూనిట్టుకి... నేనే."

"నీళ్ళు నమలకు టెస్టరూ. నేనేం పోలీసుని కాదు."

"వారం నుంచి అది సతాయిస్తోంది వదినా. కేబుల్లోకి చెమ్మ దిగింది. మంట బ్రహ్మాండంగా ఉన్నా లేదంటుంది, బర్నరు ఆపేస్తుంది. పగలు నడిచే యూనిట్, ఉన్న పది గంటల్లో ఐదారుసార్లు ఆగితే ఇంకేం పనవుతుంది?"

"విప్పి బాగుచెయ్యకపోయావా?"

"అది గాల్లో గ్యాసు తిరిగే చోటు. ఫోను కూడా గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళాలి. ఆ పెట్టె మూతకి ఒక్క బోల్టు విప్పాలన్నా యూనిట్ ఆపాలి, గ్యాసు ఎంతుందో కొలవాలి, ముగ్గురు సంతకాలు పెట్టాలి. ఆపడానికి సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. కొత్త స్కానరు నాలుగు రోజుల్లో వస్తుంది, అప్పటిదాకా ఎలాగోలా నెట్టుకురమ్మన్నాడు."

"ఎలాగోలా అంటే?"

"ఎలాగోలా అంటే... ఎలాగోలానే."

"సరే. మీ అన్న కుర్చీలో లేడన్నారు కదా. ఎక్కడున్నారు మరి?"

"కొలిమి దగ్గర."

"కొలిమి దగ్గర ఎక్కడ?"

"అవన్నీ ఇప్పుడెందుకు వదినా."

"నాకు ఆయన మొహం కూడా చూపించలేదు. ఎక్కడ పడి ఉన్నారో అయినా తెలియొద్దా? మోసుకొచ్చినవాళ్ళలో నువ్వూ ఉన్నావు."

"చిన్న కిటికీ ముందు. కొలిమి గోడకి పిడికిలంత కిటికీ ఉంటుంది. నీలం అద్దం అడ్డం పెట్టుకుని అందులోంచి చూస్తే లోపల మంట కనబడుతుంది. నాకు చూడటం నేర్పింది అన్నే. రంగు చూసి గాలి ఎంత తగ్గించాలో చెప్పేవాడు."

"చేతిలో అద్దం ఉందా?"

"ఉంది."

"అంటే మంట చూడటానికే వెళ్ళారు."

"అవును."

"కన్ను చూస్తూ ఉంటే మనిషెందుకు వెళ్ళాడు?"

"అదే నాకూ అంతుపట్టలేదు వదినా. ఇన్ని రోజులుగా అదే తొలిచేస్తోంది. అన్నకి తెలిసే అవకాశమే లేదు. నేను చెప్పలేదు కదా."

"ఏం చెప్పలేదు?"

"ఏమీ లేదు వదినా. టైమవుతోంది."

"ఏం చెప్పలేదు టెస్టరూ?"

"తీగ వేశాను. ప్యానెల్ వెనక రెండు స్క్రూల మధ్య, జానెడు తీగ. అది వేస్తే కన్ను ఏం చెప్పినా లెక్కుండదు. ప్యానెల్‌కి మంట ఎప్పుడూ ఉన్నట్టే. బర్నరు ఇక ఆగదు. అలా వేస్తే రిజిస్టరులో రాయాలి, ఆపరేటరుకి చెప్పాలి. రాస్తే పైదాకా వెళ్తుంది, రాయద్దన్నాడు సూపర్‌వైజరు. రాయలేదు. అన్నకి చెబితే ఒప్పుకోడని చెప్పలేదు. నాలుగు రోజులే కదా అనుకున్నా. మంట ఆరింది, వాల్వు మూసుకోలేదు, లోపల ఇటుకలు ఎర్రగా కాలి ఉన్నాయి, గ్యాసు వాటికే అంటుకుంది. అన్నని చంపింది నేను వదినా."

"ఉండు... సూది దిగింది. ఆ గుడ్డముక్క ఇలా ఇవ్వు."

"రక్తం కారుతోంది."

"ఆగిపోతుందిలే. ఇది ఎవరితోనైనా అన్నావా?"

"లేదు. ప్యానెల్ మొత్తం కాలిపోయింది, దాంతోపాటు తీగా పోయింది. నన్నెవరూ అడగలేదు. అడిగితే చెబుదామనుకున్నా. కాదు, అబద్ధం. అడిగినా చెప్పేవాణ్ణి కాదు. పాపని ఎత్తుకుంటే చాలు, మీ వాడి మొహం గుర్తొస్తోంది. ఈ ఇంటి ముందునుంచి వెళ్ళలేక సైకిలు చుట్టూ తిప్పుకుని పోతున్నా."

"చూశాను. నీళ్ళ ట్యాంకు వెనకనుంచి వెళ్తున్నావు."

"నన్ను నాలుగు తిట్టండి వదినా. ఇలా కూర్చోకండి."

"ఆయనకి తెలుసు."

"ఏంటి?"

"తీగ సంగతి. నువ్వు వేసిన రోజే చూశారు. వారం నుంచి గుక్కపట్టిన పిల్ల ఒక్కసారిగా ఊరుకుంటే అనుమానం రాదా అన్నారు. ప్యానెల్ వెనక తలుపు తీసి చూశారట. ఇంటికొచ్చి, ఇదిగో ఇక్కడే, బూట్లు విప్పుకుంటూ చెప్పారు."

"తెలిసీ పీకెయ్యలేదా? నన్ను పిలిచి చెంప పగలగొట్టాల్సింది కదా."

"నేనూ అదే అన్నా. మేనేజరుతో చెప్పండని పోరాను. వాడికి ఇప్పటికే ఒక మెమో ఉంది, ఇంకోటి ఇస్తే ఇంటికే, మరదలికి ఎనిమిదో నెల అన్నారు. తీగ తీసేస్తే మళ్ళీ ఆగుతుంది, మళ్ళీ వాణ్ణే దులిపేస్తారన్నారు. వాడితో అంటే భయపడి ఏదో ఒకటి చేస్తాడు, నాలుగు రోజులే కదా, నేను చూసుకుంటాలే అన్నారు."

"నాలుగు రోజులు."

"పది నిమిషాలకోసారి ఆ కిటికీ దగ్గరికి వెళ్ళడం, కళ్ళల్లో వత్తులేసుకుని చూడటం, వచ్చి కుర్చీలో కూర్చోవడం. మూడు సాయంత్రాలు కళ్ళు చింతనిప్పుల్లా వచ్చారు. తడిగుడ్డ వేసి పడుకోబెట్టాను. నాలుగో రోజు ఇక తడిగుడ్డ అవసరం పడలేదు."

"వదినా..."

"మొదటి సాయంత్రమే నేను ఎవరో ఒకరి చెవిన వేసి ఉంటే బతికుండేవారు. నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. నా మీద అంతకంటే ఎక్కువుంది."

"ఇన్నాళ్ళూ తెలిసి కూడా... విచారణలో మిమ్మల్ని అడగలేదా?"

"అడిగారు. మీ ఆయన యూనిట్ గురించి ఇంట్లో ఏమైనా అన్నారా అని. ఏమీ అనలేదన్నాను. నోటీసు అంటించినప్పుడు నోరు మెదపలేదు. ఆవిడ మొహం తిప్పుకున్నప్పుడూ మెదపలేదు. మా వాడు బడినుంచి ఏడుస్తూ వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నానే గానీ, మీ నాన్న నిద్రపోలేదురా అని చెప్పలేకపోయాను."

"ఎందుకు వదినా?"

"ఎవరితోనూ అననని నా చేత మాట తీసుకున్నారు. మూడు రోజులూ, గుమ్మంలోకి రాగానే అదే అడిగేవారు. ఎవరితోనూ అనలేదు కదా అని."

"ఈ కాగితం వెనక్కి తీసుకెళ్ళిపోతాను. మీరు సంతకం పెట్టొద్దు."

"పెట్టకపోతే ఎందుకు పెట్టవంటారు. అప్పుడేం చెప్పను? ఆయన ఆ కుర్చీలో ఎందుకు లేరో నా నోటితో చెప్పలేను టెస్టరూ. నేను ఆయనకి మాటిచ్చాను. నువ్వివ్వలేదు కదా."