పడమటి గోడకు ఆనప పాదు

గోపాలపట్నంలో కూతురి ఇంటికి వచ్చిన తల్లి, మధ్యాహ్నపు ఎండలో పెరట్లోకి వెళ్లి, పడమటి గోడనంతా కప్పేసిన ఆనప పాదును చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఇదేటే? పాము దూరితే? ఇంట్లో పసోడున్నాడు."

"వాడి కోసమే ఏసినానమ్మా. ఎండంతా ఈ గోడకే తగిలి గది పొయ్యిలా కాలిపోయేది. చెమటకాయలతో వాడు కునుకు తీసీవోడు కాదు."

"నీడకి చెట్టెయ్యాల్సింది."

"తుపానొస్తే చెట్టు ఇంటి మీద పడిపోద్దని నువ్వే కదా వద్దన్నావు. ఇదైతే పడినా ఆనపకాయే పడతాది."

"నవ్వకు. అది పసోడి నెత్తిన పడితే?"

"వాడు లోపలున్నాడు. ఓసారి గోడ మీద చెయ్యెట్టి సూడు."

"సల్లగానే ఉందే."

"మేడ మీద కూడా సున్నం కొట్టినాం. ఇప్పుడు ఏసీ అక్కర్నేదు, ఫేను చాలు."

"మరి పసోడి గొంతే వినబడదేటి?"

"నిద్రోతన్నాడు."

"ఇంతసేపా? ఒంట్లో బాగానే ఉందా? లేపి సూద్దాం పద."

"లేపితే నువ్వే ఆడించాల."

"సర్లే, లేపను. పక్కన కూకుని ఊపిరి తీస్తన్నాడో నేదో సూసుకుంటాను."

"తలగడ తెమ్మంటావా?"

"ఇంత బెంగలో నాకు నిద్రొత్తాదేటే?"

"గదిలో సల్లగా ఉంటాదమ్మా."

"సరే, తే."