గొట్టం కొస

తుపాకులు బాగుచేసే కొట్టులో బల్ల మీద ఒక పోటీ రైఫిల్ ఉంది. దాన్ని తెచ్చిన ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు.

"గొట్టం లోపలంతా అద్దంలా ఉందమ్మా. తేడా అంతా గుండు బయటికొచ్చే ఈ కొసలోనే. భూతద్దంలో చూడండి, అంచు ఒక పక్కకి అరిగింది," అన్నాడు కొట్టతను.

"అంత చిన్నదానికే గురి తప్పుతుందా?"

"గుండు వెళ్తూ వెళ్తూ ఆఖరికి తాకేది ఆ అంచునే కదా. అది సమంగా లేకపోతే ఎంతటివాళ్లు పేల్చినా గుండ్లు చెల్లాచెదురే."

"అయితే మా అమ్మాయి చెయ్యి వణకడం లేదన్నమాట."

"లేదు."

"వణుకుతోందనే టీములోంచి తీసేశారు. ఇప్పుడు ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటోంది."

"దీన్ని తుడిచేదెవరు?"

"వాళ్ల నాన్న. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వరు."

"తుడిచే కడ్డీ గొట్టంలోకి ఎటునుంచి పెడతారు?"

"ముందునుంచే. వెనకనుంచి పెట్టాలంటే విప్పాలిగా."

"ఇది ఆ కడ్డీ రాపిడేనమ్మా."

"గురి తప్పినకొద్దీ ఇంకా ఎక్కువసేపు తుడిచేవారు."

అతను భూతద్దం పక్కన పెట్టాడు.

"కొస కాస్త కోసి చదును చేసిస్తాను. గురి మళ్లీ కుదురుతుంది. అమ్మాయికి చెప్పండి, ప్రాణం లేచొస్తుంది."

"ఆయనకి?"

"పాతబడి అరిగిందనండి. ఆ మనిషిని బాధపెట్టడం ఎందుకు?"

"అలా చెప్తే ఇకనుంచి ఇంకా శ్రద్ధగా తుడుస్తారండి, ముందునుంచే."