మంద వెంట పోయిన జట్టు

అధ్యక్ష స్థానంలో కూర్చుని, నా మాటలు ఎంతసేపు సాగుతాయోనని అప్పుడే గడియారం వైపు చూస్తున్న మా కార్ఖానా యజమాని గురుస్వామి గారికి, ముందు వరుసలోని పెద్దలకు, పలకల దుమ్ము కడుక్కుని తడి తలలతో వచ్చిన క్లబ్బు తమ్ముళ్లకు, చాపల మీద కూర్చున్న అక్కచెల్లెళ్లకు, వాళ్లలో అందరికన్నా వెనక నక్కి కూర్చున్న నా భార్య దయామణికి కూడా నమస్కారం. (నవ్వులు)

కార్ఖానా గుమాస్తా కొలువు నుంచీ, మన మార్కాపురం పలకల ఫుట్‌బాల్ క్లబ్బు కార్యదర్శి పని నుంచీ ఈ రోజుతో నాకు విశ్రాంతి ఇచ్చి శాలువా కప్పారు. నాకన్నా ముందు మాట్లాడిన వాళ్లు నన్ను పొగిడిన తీరు వింటుంటే, ఆ కరుణాకరం ఎవరో నాకూ ఒకసారి చూడాలనిపించింది. (నవ్వులు) కానీ మీ అందరి మనసులో ఉన్న మాట వేరే ఉందని నాకు తెలుసు. మన కాటమరాజు గొర్రెలను అమ్మేసి రేపటి నుంచి కార్ఖానాలో చేరతాడని, ఈ ఏడు కర్నూలు పోటీలకు మన జట్టు పోతుందని నేను ఈ వేదిక మీద ప్రకటించాలి. అక్కడికే వస్తాను. కొంచెం చుట్టు తిరిగి వస్తాను, ముసలివాణ్ణి కదా.

ఈ మధ్య సాయంత్రాలు మైదానం పక్కన పలకల ముక్కల గుట్ట మీద కూర్చుంటే నాకు ఇప్పటి ఆటా పాత ఆటా కలిసిపోయి కనబడుతున్నాయి. దుమ్ము లేస్తుంది, పొద్దు దానిలోకి దిగుతుంది, కాళ్లు కనబడవు, మనుషులు కనబడరు, బంతి ఒక్కటే తనంతట తాను ఎటో పోతూ ఉంటుంది. ఎవరు తన్నారో తెలియదు, ఏ ఏటి ఆటో తెలియదు. మామా, చీకటి పడింది, ఇంటికి పో అని మన కెప్టెను పౌలు వచ్చి భుజం తట్టేదాకా నేను అక్కడే ఉండిపోతాను.

ఒకప్పుడు మన జట్టులో సగం మంది ఆటకే జీతం పుచ్చుకునేవాళ్లు. హైదరాబాదు నుంచి ఒకరు, మద్రాసు నుంచి ఒకరు, బళ్లారి నుంచి ఇద్దరు. గురుస్వామి గారి చెయ్యి పెద్దది కాబట్టి వచ్చేవాళ్లు, ఆడేవాళ్లు, పోయేవాళ్లు. తరువాత రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలింది, రాష్ట్రం కొత్తదైంది, పోటీలు నడిపే సంఘం వారికి కొత్త నిబంధనలు పుట్టాయి. టిక్కెట్ల మీద వచ్చినదానికి మించి ఏ క్లబ్బూ ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టరాదన్నారు. ఆటగాడు పోటీలకు ముందు ఆరు నెలలు ఎడతెగకుండా క్లబ్బు ఉన్న తాలూకాలోనే కాపురం ఉండాలన్నారు. చెడ్డ నిబంధనలని నేను అనను. డబ్బున్న క్లబ్బు ఊళ్లన్నీ వెతికి ఆటగాళ్లను కొనుక్కుపోతుంటే, లేని క్లబ్బు నోరు తెరుచుకుని చూడవలసి వచ్చేది. అయ్యా గురుస్వామి గారూ, ఆ ఉన్న క్లబ్బు మనదే, నొచ్చుకోకండి. (నవ్వులు)

బయటివాళ్లు వెళ్లిపోయారు. మనకు మన పలకలు కోసే పిల్లలే మిగిలారు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మన పక్కనున్న పెద్దారవీడు మంద ఒకటి మన మైదానానికి అడ్డంగా వచ్చింది. అందరం అదిలిస్తున్నాం, బంతి ఆ గొర్రెల మధ్యలో పడింది. మంద వెనక వస్తున్న కుర్రవాడు బంతి వైపు చూడలేదు. తల ఎత్తి మైదానమంతా ఒక్కసారి చూసి, ఎవరూ లేని చోటికి దాన్ని మెల్లగా తోశాడు. అది అక్కడికి చేరేసరికి మన పౌలు కూడా అక్కడికి చేరాడు. అతనే కాటమరాజు. పౌలు అక్కడికే పోతాడని నీకెట్ల తెలుసురా అని అడిగితే, "గొర్రె యాడికి పోతాదో దానికంటే ముందు మనకు తెల్వాల గదా మామా" అన్నాడు. ఇంత అందమైన ఆట నేను జీతమిచ్చి తెప్పించిన ఏ ఆటగాడి దగ్గరా చూడలేదు.

కాటమరాజుకు కాపురం నిబంధన అడ్డం వచ్చింది. మీకు తెలుసు, మాఘం వచ్చిందంటే పడమటి గొర్రెలు తూర్పుకు నడవాలి. అక్కడ వరికోతలయ్యాక చేలల్లో మందలు కట్టాలి, ఎరువుకు బదులు గింజలు తెచ్చుకోవాలి, తొలకరికి తిరిగి రావాలి. సంఘం నుంచి వచ్చిన తనిఖీ ఆయన మర్యాదస్తుడు, ఆరు నెలలూ ఎక్కడున్నావని మర్యాదగానే అడిగాడు. కాటమరాజు ఏ చేలో మంద కట్టాడో, ఏ కాలవ దాటాడో వరసగా చెప్పాడు. పెద్దారవీడులో పుట్టినవాడు పరాయివాడని రాసుకుని ఆయన వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు మన పిల్లలు చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. కాటమరాజును ఇక్కడే ఉంచి, అతని బదులు తామే వంతులు వేసుకుని ఇద్దరిద్దరుగా మంద వెంట తూర్పుకు పోయారు. పౌలు చంకలో గొర్రెపిల్లతో తిరిగి వచ్చిన రోజు వాళ్లమ్మ వాణ్ణి గుర్తు పట్టలేదు. (నవ్వులు) తనిఖీ ఆయన మళ్లీ వచ్చి ఒక్కొక్కరినీ అడిగాడు, ఆరు నెలలూ ఇక్కడే ఉన్నావా అని. "లేదయ్యా, మేం మంద ఎంబడి పోయినాం" అని ఒకరి తరువాత ఒకరు ఛాతీ విరుచుకుని చెప్పారు. అందరి పేర్లూ కొట్టేశారు. నిబంధన ప్రకారం మార్కాపురం జట్టులో మిగిలినవాడు కాటమరాజు ఒక్కడే! (పెద్దగా నవ్వులు, చప్పట్లు)

నేను కర్నూలు పోయి సంఘం వారి ముందు నిలబడ్డాను. అయ్యా, ముండ్లమూరు నుంచి గుమాస్తాగా వచ్చిన నన్ను ఈ ఊరు ఎన్ని నెలలుగా ఉంటున్నావని ఒక్కనాడూ అడగలేదు, గొర్రెల వెంట పోయి వానలకు ఇంటికొచ్చేవాడు పరాయివాడెట్ల అవుతాడని అడిగాను. జాలిపడ్డారు. మిగతావాళ్లు ఒక్కసారే పోయారు కాబట్టి క్షమిస్తాం, కాటమరాజు ఈ ఒక్క ఏడు ఊళ్లో ఉన్నా అతనిది ఏటేటా తిరిగే బతుకు కాబట్టి మంద మానుకుంటేనే చేర్చుకుంటాం అన్నారు.

అందుకే గురుస్వామి గారు పెద్ద మనసుతో వాడికి కార్ఖానాలో పని ఇచ్చారు. అలవాటు కావాలని వాడు కొన్నాళ్లుగా వస్తున్నాడు కూడా. నేను రోజూ వాణ్ణి చూశాను. షెడ్డులో తల వంచుకుని పలక అంచు గీకుతూ కూర్చుంటాడు. సాయంత్రం మైదానంలోకి వస్తాడు, బంతి కాళ్ల దగ్గరికి వస్తే బంతినే చూస్తాడు. తల ఎత్తడు. తమ్ముళ్లారా, మీరూ చూశారు.

(గురుస్వామి గారి వైపు తిరిగి)

పోటీలకు పేర్లు పంపడానికి ఈ సాయంత్రమే గడువు. నేను పంపలేదు. నిన్న పౌలునూ మిగతా పిల్లలనూ పిలిచి అడిగాను. "వాడు లేకుండా ఆడం మామా. వాణ్ణి ఇట్ల చేసి ఆడేది అసలే వద్దు" అన్నారు. గురుస్వామి గారూ, కప్పు మీద మీకెంత ఆశ ఉందో నాకు తెలుసు, నన్ను మన్నించండి. ఈ కుర్చీలో నా చివరి పని ఇదే.

కాటమరాజూ, లేచి నిలబడబాక, కూర్చో. నీ మాట నాకు తెలుసు. "నా కోసరం మీ ఆట చెడగొట్టుకుంటే నాకు నిద్ర పట్టదు మామా" అంటావు. ఆట ఎక్కడికీ పోదు. గొర్రెలను అమ్మవద్దు. రేపు మందను తూర్పుకు కదిలించు. కార్ఖానాకు సెలవు వచ్చినప్పుడల్లా పిల్లలు రైలెక్కి మంద ఉన్న చోటికి వస్తారు. కోసిన చేలల్లో, ఏ ఊరివాళ్లు జట్టు కడితే ఆ ఊరివాళ్లతో ఆడతారు. టిక్కెట్టు ఉండదు, తనిఖీ ఉండదు. నేను మాత్రం రైలెక్కను. విశ్రాంతి ఇచ్చారు కదా, నీ వెంట నడుస్తాను. దయామణీ, అట్ల చూడబాక, ఇంటికి పోయాక తిడుదువుగాని. (నవ్వులు)

కాటమరాజు తల్లి ఆదెమ్మ ఆ స్తంభం దగ్గర నిలబడి ఉంది. ఆదెమ్మా, రేపు మంద ఎప్పుడు కదులుతుంది?

(ఆదెమ్మ: "పొద్దు పొడవకముందే కదలాల. నీకు నడక యాడ సాగుతాది గుమాస్తయ్యా?")

సాగుతుంది తల్లీ. సాగని చోట కూర్చుంటాను. కుంటే గొర్రె కోసం మందనంతా ఆపేవాళ్లు మీరు, నా కోసం ఆగరా?

శాలువా కప్పిన చేతులకు, ఇంతసేపు విన్న చెవులకు కృతజ్ఞతలు. తెల్లవారకముందే లేవాలి. సెలవు ఇప్పించండి.