దిగనివ్వని మేస్త్రీ

మీలో ఎంతమంది ఆయన చేతి దెబ్బ తిన్నారు? సిగ్గుపడకండి, చేతులెత్తండి. చూడక్కా, సగం హాలు చెయ్యెత్తింది. ఇవన్నీ బతికున్న చేతులు.

అన్నలారా, తమ్ములారా, భర్తనీ అల్లుణ్ణీ పోగొట్టుకుని ముందు వరుసలో కూతురిని పట్టుకుని కూర్చున్న అక్కా! ముప్పై ఏళ్ళు ఈ రేవులో ఓడల నుంచి సరుకు దింపించిన మన గునపం మేస్త్రీని, ఆయన అల్లుణ్ణి నిన్న పక్కపక్కనే మట్టి చేశాం. ఓదార్చడానికి నేను లేవలేదు. నిజం చెప్పడానికి లేచాను.

ఈ మణికట్టు చూడండి, వంకరగా అతుక్కుంది. పన్నెండేళ్ళ కిందట దుంగల ఓడలో మా తమ్ముడు అడుగున సరుకు నింపే హోల్డులోకి దిగి కుప్పకూలాడు. మూసిన హోల్డులో పచ్చి దుంగలు గాలిని తినేస్తాయని నాకేం తెలుసు? నిచ్చెన మీద చెయ్యి వేశాను. మేస్త్రీ గునపం పడింది. ఎముక పటుక్కుమంది. మళ్ళీ ఎగబడ్డాను, ఛాతీ మీద తన్నాడు. "నన్ను తిట్టడానికైనా బతికుండరా వెధవా!" అన్నాడు. తిట్టాను. నా తమ్ముణ్ణి పొట్టనబెట్టుకున్న కయీనువని ఏళ్ళ తరబడి తిట్టాను. ఇంకా ఘాటైన శాపాలు వెతుక్కోవడానికే బైబిలు తెరిచాను. తెరిచాక మూయలేకపోయాను, మీకు వాక్యం చెప్పే పాస్టరునయ్యాను.

ఇంకోసారి తెల్ల దుస్తుల ఓడ అధికారి ఒకాయన "ఒక్క నిమిషమేగా" అంటూ హోల్డులోకి కాలు పెడితే, మేస్త్రీ కాలరు పట్టి డెక్కు మీద కూలేశాడు. గాలి చూసే మీటరుకి తాడు కట్టి దింపాడు. నిలువు లోతు దిగకముందే అది గీపెట్టింది. "మీ నిమిషం అయిపోయింది సార్" అన్నాడు. ఆ రోజు మనం పగలబడి నవ్వాం.

మరి సోమవారం ఎందుకు నవ్వలేదు?

సోమవారం మూడో హోల్డులో పడింది ఆయన సొంత అల్లుడు. ఊపిరి సిలిండర్లు వచ్చేదాకా ఎవడూ దిగొద్దని మేస్త్రీ నిచ్చెనకి అడ్డం నిలబడ్డాడు. "కూతురి కాపురం కూలుస్తావా ముసలోడా!" అని అరిచిందెవరు? మనమే. గునపం లాక్కున్నదెవరు? మనమే. అదే గునపంతో ఆయన తల పగలగొట్టిందెవరు? తలలు దించకండి! రక్తం కళ్ళలోకి కారుతుంటే పాకి వెళ్ళి ఆ నిచ్చెన దారికి అడ్డంగా పడుకున్నాడు. తన్నాం. డొక్కల్లో తన్నాం. వేళ్ళు తొక్కాం. ఆ వేళ్ళు ఇనుప అంచుని వదల్లేదు. సిలిండర్లవాళ్ళు వచ్చి విడదీసేసరికి ప్రాణం లేదు.

నేనా? నేను తన్నలేదు. అంతకంటే ఘోరం చేశాను. అన్నీ తెలిసి వెనక వరుసలో నోరు మెదపకుండా నిలబడ్డాను. కత్తి వస్తుంటే చూసి కూడా బూర ఊదని కావలివాడి గురించి మీకు ఎన్నిసార్లు చెప్పలేదు! చచ్చినవాడి రక్తానికి దేవుడు వాడినే లెక్క అడుగుతాడని ఎన్నిసార్లు గొంతు చించుకోలేదు! ఆ పుస్తకం ఆ రోజు నా చంకలోనే ఉంది.

శవాలు ఇంటికి తెచ్చినప్పుడు అక్క ఎవర్నీ శపించలేదు. "ఇంకెవరైనా దిగారా తమ్ముడూ?" అంది. లేదక్కా అన్నాను. అప్పుడు కూలబడి ఏడ్చింది.

వినండి. ఆ ఓడ ఇంకా జెట్టీలోనే ఉంది. నాలుగో హోల్డు ఇంకా తెరవలేదు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి వచ్చే షిఫ్టువాళ్ళని అందులోకి దింపుతారట. మీటరు రిపేరుకి వెళ్ళిందట, అయినా పర్వాలేదట! పొద్దున్న ఆఫీసులో నా మొహం మీదే అన్నారు. ఈసారి ఎవరి అల్లుడు?

కొట్టినవాళ్ళు రేపు పోలీసు స్టేషనుకి నడవండి, పక్కన నేనుంటాను. ఇవాళ మాత్రం ఓడ దగ్గరికి.

లేవండి. ఒక్క నిమిషం మౌనంగా నిలబడండి. ఆ తర్వాత ఎవరూ కూర్చోవద్దు, ఎవరూ ఇంటిదారి పట్టొద్దు. మీటరు వచ్చి, గాలి ఉందని మన కళ్ళకి చూపించేదాకా ఆ నిచ్చెన చుట్టూ గోడ కడదాం. ఒంటిగంట దాటింది. లేవండి!