వెనక సీట్లో ముగ్గురం

ఆ ఆదివారం ఇంట్లో నలుగురం ఉన్నాం: బాపు భూపాల్, అన్న దేవేందర్, నానమ్మ మైసమ్మ, నేను. అన్న తన కారుకు వెడల్పు చక్రాలు వేయించుకొచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

"దేవేందరన్నా, చక్రాలు మడ్‌గార్డు దాటి బయటికొచ్చినయ్."

"రావాలనే తెచ్చిన సంతోషీ. ఆఫ్‌సెట్ తక్కువుంటే చక్రం గిట్లనే బయటికొస్తది. ప్లాట్లమ్మే వెంచరోళ్ల పోరగాండ్ల కార్లన్ని గిట్లనే ఉన్నయ్."

"మనుషులెక్కితే టైరు తాకదా?"

"స్టీరింగ్ రెండు దిక్కుల తిప్పి చూసిన. ఏడ తాకలే."

"ఖాళీ కారు తిప్పినవ్. కాలేజీకి పోయేటప్పుడు నేను, నా దోస్తులు కరుణ, కుల్సుమ్ వెనక ముగ్గురం కూసుంటం. బాపూ, నువ్వు నాతోని వెనక కూసో. నానమ్మా, నువ్వు ముంగటెక్కు."

"ఆడివిల్లవు, నీకు చక్రాల ముచ్చటెందుకే?"

"నువ్వైతే ఎక్కు నానమ్మా. అన్నా, గేటు ముంగటి మోరీ కాలువ దాటించు."

"దాటిస్త. చూడు... ఆఁ, దాటినం. ఏమైంది?"

"ఏందిరా దేవేందర్, గీసినట్టు సప్పుడైంది?"

"గేటేమో బాపూ."

"గేటు కాదు. దిగి చూడన్నా."

"చూసిన."

"మడ్‌గార్డు తాకి టైరు కోసుకపోయిందా?"

"జరంత. పోతే పోనీ. ఇగ వెనక ఎవ్వరు కూసోవద్దు, అయిపాయె. నువ్వు ముంగట కూసో."

"మరి కరుణ? కుల్సుమ్?"

"ఎట్లనన్న పోతరు."

"వాళ్లను ఇంట్లోళ్లు బస్సుల పంపరు. మన కారున్నదనే తుర్కయాంజాల్ కాలేజీల చేర్పించిన్రు."

"గది నా ఫికరా?"

"పాత చక్రాలు వెయ్యి."

"వెయ్య. తలుపు తీసిన, దిగు."

"దిగ."

"ఏందీ?"

"దిగ అన్న. పాత చక్రాలు వేసేదాంక దిగ."

"చూసినవా బాపూ? ఎన్నడు నోరు తెర్వనిది, ఇయ్యాల నాకే ఎదురు మాట్లాడుతున్నది."

"దిగు బిడ్డా. నీకైతే ముంగట సీటున్నది గదా."

"నాకొక్కదానికే వద్దు బాపూ. నువ్వు దిగు. నేను ఈడనే ఉంట."

"బాపు గూడ దిగిండు. నానమ్మా, నువ్వన్న చెప్పు దీనికి. లేకుంటే చెయ్యి వట్టి గుంజుత."

"జరుగురా, నన్ను దిగనియ్యి. ఏమే సంతోషీ, కాలు లోపలికి తీస్కో, తలుపేస్త. అన్ని లాకులు ఏస్కో. వీడు టైరు చూడవోయినప్పుడే తాళంచెవి గుంజుకున్న, నా రొంటిల ఉన్నది. పాత చక్రాలు ఏసినంకనే ఇస్త."