మద్దిలేటి పిక్క మీద కొడవండ్లు నూరిన సంగతి

ఆళ్లగడ్డలో సుబ్బయ్య టీ అంగడికాడ మద్దిలేటి పంచె ఎగ్గట్టి కుడి పిక్క మీద పొడుగు మచ్చ సూపిచ్చినాడంటే కథ మొదులైనట్టే. ఆపొద్దు యినేటోళ్లలో కొండయ్య గూడా ఉండాడు. పొద్దన్నే చెడుగుడు ఆటలో పిక్క మీద తన్ను తగిలి, వెదురుబద్దలేసి గట్టిగా కట్టు కట్టించుకోని, కాలు బల్ల మీద సాపుకోని కూర్చున్యాడు.

"మూడేండ్ల కింద, యాభైమూడులో అప్పా, దొర్నిపాడోళ్లతో ఆట. ఒకడు తన్నినాడు. సిన్న దెబ్బే. కట్టు కట్టించుకుంటి. వాచింది. ఇంగా బిగిచ్చమంటి. మధ్యాన్నానికి సొరకాయంత, మాపటికి వడ్లమూటంత."

"అంత కాలు మోయాలంటే బండి కావాల్నే," అన్యాడు సుబ్బయ్య, టీ వంచుతా.

"రెండు గట్టినారు. నాకొకటి, పిక్కకొకటి. నాపరాయి మాదిరి బిగుసుకుపాయ. దావలో కోతకు పోయేటోళ్లు దానిమీదనే కొడవండ్లు నూరుకోని పోయిరి. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? నంద్యాలలో నర్సు హన్నమ్మక్క కట్టు కోసింది. బద్దలు ఎగిరిపోయి బండి ఆత్మకూరు ఊర్లో కొంగను కొట్టినాయి."

"కొంగ ఏమనింది?"

"యాడ అననిచ్చినాయి? అక్క నా బొటనవేలు పట్టి మెల్లిగా పైకి వంచింది. ఇంకొకడైతే సచ్చేటోడు. నేను కిసుక్కున నగితి. డాక్టరు పిక్కను పొడుగునా కోస్తాంటే టీ తాగుతాంటి. లోపలి బిగువంతా బుస్సుమని బయటికొస్తే, రైలొచ్చిందనుకోని టేసన్లో జనం మూటలెత్తుకున్యారు."

అందరూ నగినారు, కొండయ్య తప్ప.

"అన్నా, వేలు వంచితే నిజంగా నగితివా?" అన్యాడు. "ఇందాక కట్టు కట్టినాయప్ప నాది వంచితే పానం పాయ. దెబ్బ సూస్తే సిన్నది. పిరికోడంటారని గమ్మునుండా."

మద్దిలేటి వంగి, కట్టు సందులో పిక్క ఒత్తి సూసినాడు. రాయి. కాలివేళ్ల మధ్య గిల్లినాడు.

"తెలుస్తాందా?"

"ల్యా."

"సుబ్బయ్యా, కత్తి తే."

కట్టు కోస్తా, ఎవరి మొగమూ సూడకుండా సెప్పినాడు: "నగల్యా అప్పా. అరిసినా. హన్నమ్మక్క చెయ్యి పట్టుకోని ఏడిసినా. ఆ అరుపు యిని ఆయమ్మ డాక్టరుకాడికి పరిగెత్తింది. ఇంత దెబ్బకు అంత నొప్పి ఉండగూడదు, ఆలిస్యమైతే కాలు దక్కదని. ఈపొద్దు నేను నడుస్తాండేది ఆయమ్మ పెట్టిన నడక."

నంద్యాల బస్సు వచ్చింది. కొండయ్యను సంకనేసుకోని ఎక్కుతా, సెవిలో అన్యాడు:

"అక్క వేలు వంచినప్పుడు సిగ్గుపడాకు. గట్టిగా అరుసు. టేసన్లో జనం మూటలెత్తుకోవాల."